అమ్మానాన్నలకు పీఆరా, గ్రీన్‌కార్డా, పొడుగు వీసాయే చాలా?

నెల్లూరు రొట్టెల పండగకు వెళ్ళినవాళ్ళకు తెలుసు. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె అని కేకలు వేస్తూ ఇచ్చిపుచ్చుకుంటారు. వాటిల్లో విదేశీ రొట్టె కూడా ఉంది. మా అమ్మ ఒక ఏడు తమ్ముడి కోసం ఆ రొట్టె పట్టుకుంది. వాడు అమెరికా వెళ్ళాడు. కోరిక తీరితే మళ్ళీ వచ్చి రొట్టె వదలాలి కదా, అదీ వదిలింది. ఇప్పుడు ఆ తమ్ముడే "నువ్వూ నాన్నా ఇక్కడికి వచ్చేయండమ్మా" అంటున్నాడు. ఎడ్మంటన్‌లో ఉన్న చెల్లెలిదీ అదే మాట. దీనికి ఏ రొట్టె పట్టుకోవాలో అమ్మకు తెలియలేదు.

మేం ముగ్గురం. నేను పెద్దవాణ్ణి, కావలిలో ఎరువుల కొట్టు. తమ్ముడు డల్లాస్‌లో ఈమధ్యే సిటిజన్ అయ్యాడు. చెల్లెలు కెనడాలో పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు వచ్చింది. నాన్నకు 74, అమ్మకు 69. ఊళ్ళో నాలుగెకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు ఉన్నాయి. రెండేళ్ళు ఈ కాగితాల వెంట తిరిగేసరికి, వీధిలో ఎవరి కొడుకు ఫోన్ చేసి "అమ్మకు పీఆర్ పెడతాను" అన్నా ఆ తల్లి నేరుగా నా కొట్టుకే వస్తోంది. యూరియా కోసం వచ్చినవాళ్ళ మధ్య నిలబెట్టి చెప్పే సంగతులు కావివి. అందుకే ఒకచోట రాస్తున్నాను.

ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే. పెద్దవాళ్ళు ఏడాదికి ఎన్ని నెలలు అక్కడ ఉండగలరు? పిల్లల ఆశ ఎంత అని కాదు, పెద్దవాళ్ళ ఓపిక ఎంత అని. పీఆర్ గానీ గ్రీన్‌కార్డు గానీ తీసుకున్నారంటే మీ కాపురం ఆ దేశంలో ఉన్నట్టు లెక్క. కార్డు జేబులో పెట్టుకుని కావలిలో కూర్చుంటానంటే అమెరికా ఒప్పుకోదు, కెనడా కొంత నయం. విజిటర్ వీసా దీనికి తలకిందులు. మీ కాపురం ఇక్కడే ఉందని, తిరిగి వచ్చేస్తారని మీరే వాళ్ళను నమ్మించాలి. పొలం, ఇల్లు, తోబుట్టువులు ఇక్కడే ఉన్న దంపతులకు, ఇద్దరూ తిరగగలిగినంత కాలం పొడుగు వీసాయే మేలని నా అభిప్రాయం. తమ్ముడు దీనికి ఒప్పుకోడు. వాడి వాదన కూడా చెబుతాను.

పిల్లల చేతిలో ఏముంది?

సగం ప్రశ్నలు ఇక్కడే తేలిపోతాయి. అమెరికాలో తల్లిదండ్రులను స్పాన్సర్ చేయాలంటే సిటిజన్ అయి ఉండాలి, 21 ఏళ్ళు నిండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఆ హక్కు లేదు, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు అసలే లేదు. గ్రీన్‌కార్డు వచ్చాక సిటిజన్‌షిప్‌కు మామూలుగా 5 ఏళ్ళు ఆగాలి, సిటిజన్‌ను పెళ్ళాడి కాపురం చేస్తున్నవాళ్ళకు 3 ఏళ్ళు. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న మన పిల్లల సంగతి తెలిసిందే. తల్లిదండ్రుల మాట దేవుడెరుగు, ముందు వాళ్ళకు రావాలి.

కెనడాలో పీఆర్ ఉంటే చాలు, స్పాన్సర్ చేయడానికి అర్హత ఉంది. ఆస్ట్రేలియాలో కూడా అంతే, కాకపోతే అక్కడ స్థిరపడ్డట్టు చూపించాలి.

అవ్వను, తాతను పిలిపించుకోవాలని మనవడు అడిగితే నేరుగా చెప్పదగ్గ దారి కెనడాదే. అక్కడ ఆ పథకం పేరులోనే తల్లిదండ్రులు, అవ్వాతాతలు ఇద్దరూ ఉన్నారు. అమెరికాలో మనవడు సిటిజన్ అయినా అవ్వకు నేరుగా పెట్టలేడు. ముందు తన తల్లికి పెట్టాలి, ఆమె గ్రీన్‌కార్డు తీసుకుని అయిదేళ్ళుండి సిటిజన్ కావాలి, ఆ తర్వాత ఆమె తన తల్లికి పెట్టాలి. అప్పటికి అవ్వకు ఎన్నేళ్ళొస్తాయో లెక్క వేసుకోండి.

కెనడా: కాగితం మీద పీఆర్, చేతికి దొరికేది సూపర్ వీసా

చెల్లెలు మొదట పీఆరే పెడదామంది. నాలుగు రోజులు చదివి తనే ఫోన్ చేసింది: "అన్నా, నేను 2020లో పేరు ఇవ్వలేదు." సంగతి ఏమిటంటే, కెనడాలో తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌కు ఎవరుబడితే వాళ్ళు దరఖాస్తు పెట్టలేరు. ముందు ఆసక్తి ఉందని పేరు నమోదు చేసుకోవాలి, వాళ్ళు లాటరీ తీసి పిలిస్తేనే దరఖాస్తు. ఆ నమోదు 2020 అక్టోబరు 13 నుంచి నవంబరు 3 వరకు తెరిచారు. ఆ తర్వాత 2025 వరకు ప్రతి ఏడూ ఆ పాత జాబితాలో మిగిలినవాళ్ళనే పిలుస్తూ వచ్చారు. 2025లో 17,860 మందికి పిలుపులు పంపారు, తీసుకుంటామన్నది 10,000 దరఖాస్తులే. అంటే 2020 తర్వాత కెనడా వెళ్ళిన మన పిల్లలకు ఆ ఆటలో టికెట్టే లేదు. కన్సల్టెంట్ ఎవరైనా "డబ్బు కట్టండి, పేరెంట్స్ పీఆర్ చేయిస్తాను" అంటే, 2020లో పేరు ఇచ్చారా అని అడగని మనిషి దగ్గర రూపాయి కూడా పెట్టొద్దు.

పిలుపు వచ్చిందే అనుకుందాం. స్పాన్సర్ చేసేవాళ్ళు వరుసగా 3 ఏళ్ళ ట్యాక్స్ లెక్కల్లో ఆదాయం చూపాలి. వాళ్ళు నిర్ణయించిన కనీస ఆదాయ రేఖకు 30 శాతం పైన ఉండాలి. ఇక్కడ మనవాళ్ళు తప్పేది కుటుంబ సంఖ్య దగ్గర. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కాబట్టి నలుగురం అనుకుంటారు. రాబోయే తల్లిదండ్రులను కూడా కలిపి ఆరుగురు. పైగా 20 ఏళ్ళపాటు వాళ్ళ పోషణ బాధ్యత మాదేనని సంతకం పెట్టాలి, క్యూబెక్‌లో 10 ఏళ్ళు. ఉద్యోగం పోయినా, ఆలుమగలు విడిపోయినా ఆ సంతకం చెరగదు. వైద్యపరీక్షలో కిడ్నీ లాంటి ఖరీదైన జబ్బు బయటపడితే, ప్రభుత్వ వైద్యం మీద భారం అవుతారని తిరస్కరించే వీలు కూడా ఉంది. భార్యకు, చిన్నపిల్లలకు ఆ నిబంధన వర్తించదు గానీ తల్లిదండ్రులకు వర్తిస్తుంది.

ఇంతా దాటితే వచ్చే పీఆర్ మంచిదే, కాదనను. 5 ఏళ్ళలో 730 రోజులు అక్కడ ఉంటే చాలు. ఏడాదికి అయిదు నెలల లోపే పడుతుంది. మిగతా కాలం పొలం చూసుకోవచ్చు. కానీ ఆరోగ్య కార్డు లెక్క వేరు. ఎడ్మంటన్ ఉన్న అల్బర్టా రాష్ట్రంలో ప్రభుత్వ వైద్యం అందాలంటే 12 నెలల్లో 183 రోజులు అక్కడ ఉండాలి. పీఆర్ నిలబెట్టుకోవడానికి అయిదు నెలలు సరిపోతాయి, వైద్యానికి ఆరు కావాలి. ఇంకో మాట, కెనడాలో ముసలివాళ్ళకు పింఛను ఇస్తారట గదా అని మా వీధిలో చాలామందికి ఆశ. దానికి కనీసం 10 ఏళ్ళు అక్కడ నివాసం ఉండాలి. డెబ్భైలో వెళ్ళినవాళ్ళు ఎనభైలో అందుకునే డబ్బది.

ఇక సూపర్ వీసా. పేరు సినిమా పేరులా ఉన్నా పనికొచ్చే వస్తువు. తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు మాత్రమే ఇస్తారు. 10 ఏళ్ళ వరకు ఎన్నిసార్లైనా వెళ్ళిరావచ్చు, ఒక్కసారి వెళితే 5 ఏళ్ళ వరకు ఉండొచ్చు. 2022 జులైకి ముందు 2 ఏళ్ళే ఉండేది. లాటరీ లేదు, ఏడాది పొడుగునా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆదాయం చూపాలి గానీ పీఆర్‌కు అడిగే ఆ 30 శాతం అదనం లేదు. పెద్దవాళ్ళు వైద్యపరీక్ష చేయించుకోవాలి, కనీసం లక్ష కెనడా డాలర్ల కవరేజీతో ఏడాది ఇన్సూరెన్స్ తీసుకోవాలి. 2025 జనవరి నుంచి కెనడా బయటి కంపెనీల పాలసీలు కూడా ఒప్పుకుంటున్నారు, అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఉన్నవైతేనే.

ఈ ఇన్సూరెన్సే సూపర్ వీసాకు అసలు ఖర్చు. డెబ్భై దాటిన మనిషికి ఏడాదికి వెయ్యి డాలర్ల పైమాటే. పాత జబ్బులకు కవరేజీ కావాలంటే ఇంకా ఎక్కువ. వాయిదాల్లో కట్టొచ్చు, కానీ ఉత్త కొటేషన్ చూపిస్తే వీసావాళ్ళు ఒప్పుకోరు. చెల్లెలు పాలసీ తీసుకునేటప్పుడు మేం ఒక పొరపాటు చేయబోయాం. ఫారంలో నాన్న బీపీ మాత్రల సంగతి రాయడం ఎందుకులే అనుకున్నాం. మాకు తెలిసిన డాక్టరుగారు ఆపారు. రేపు గుండె నొప్పని ఆస్పత్రికి వెళితే వాళ్ళు తీసే మొదటి కాగితం ఈ ఫారమే, దాచారని తేలితే పైసా ఇవ్వరు అన్నారు. ఉన్నదంతా రాశాం. మందు మోతాదు గత ఆరునెలల్లో మారలేదని రాసివ్వమన్నారు, రాసిచ్చాం. మందులు మార్పించే ఆలోచన ఉంటే ఇన్సూరెన్స్‌కు చాలా ముందే మార్పించుకోండి.

సూపర్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు, ప్రభుత్వ వైద్యం ఉండదు. మన పెద్దవాళ్ళకు మొదటిది పట్టింపు లేదు. రెండోదే ఆలోచించవలసింది.

అమెరికా: తలుపు తెరిచే ఉంది, లోపలికి వెళ్ళాక గడియ పడుతుంది

సిటిజన్ కొడుకు తల్లిదండ్రులకు పెట్టే గ్రీన్‌కార్డుకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. అన్నదమ్ములకు పెడితే ఏళ్ళకేళ్ళు పడుతుంది గానీ తల్లిదండ్రులకు ఆ క్యూ లేదు. తమ్ముడి బలమంతా ఇక్కడే. "కెనడా వాళ్ళు లాటరీ తీస్తుంటే నా దగ్గర రెడీగా దారి ఉంది, వాడుకోరేం?" అంటాడు.

ఆ దారి ఇలా ఉంటుంది. అమ్మకు ఒకటి, నాన్నకు ఒకటి విడివిడిగా ఐ-130 అనే స్పాన్సర్ దరఖాస్తు పెట్టాలి. ఒకరి దరఖాస్తులో ఇంకొకరు కలవరు. పెళ్ళికాని చెల్లెలో తమ్ముడో ఇంట్లో ఉంటే వాళ్ళూ కలవరు. 2024 ఏప్రిల్ నుంచి దీని ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద పెడితే 675. అది ఆమోదం పొందాక వీసా ఫీజు 325, పోషణ హామీ పత్రం పరిశీలనకు 120, చివర్లో కార్డుకు 235. ఇంటర్వ్యూ చెన్నైలో కాదు, ముంబయిలో. మొత్తం ఏడాదిన్నర, రెండేళ్ళు అనుకుని కూర్చుంటే నిరాశ ఉండదు.

పోషణ హామీకి అక్కడి పేదరిక రేఖ మీద 125 శాతం ఆదాయం చూపితే చాలు. ఉద్యోగం ఉన్న మన పిల్లలకు ఇది ఇబ్బంది కాదు, తక్కువైతే ఇంకొకరు జాయింట్ స్పాన్సర్‌గా రావచ్చు. అయితే అక్కడి హామీకి కెనడాలా ఏళ్ళ గడువు లేదు. తల్లిదండ్రులు సిటిజన్లు అయ్యేదాకా, లేక అక్కడ పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకా, లేక కార్డు వదిలేసి వచ్చేసేదాకా ఉంటుంది. డెబ్భై ఏళ్ళాయన పదేళ్ళు పనిచేసేది లేదు కాబట్టి ఆ మధ్యది మరిచిపోండి.

గ్రీన్‌కార్డు వచ్చాక ఇక్కడికి వచ్చి ఆరునెలలు దాటి ఉంటే తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో అడుగుతారు. ఏడాది దాటితే కార్డు మీద ఆశ వదులుకోవలసిందే. రీ-ఎంట్రీ పర్మిట్ అని ఒకటుంది, 2 ఏళ్ళు పనిచేస్తుంది, కానీ అమెరికాలో ఉండగానే దరఖాస్తు పెట్టి వేలిముద్రలు ఇచ్చి రావాలి. ఆరునెలలు అక్కడ, ఆరునెలలు ఇక్కడ అని ఏళ్ళ తరబడి తిరిగినా, మీ కాపురం నిజంగా ఎక్కడ అని ఏదో ఒకరోజు అడుగుతారు.

వైద్యం దగ్గర ఇంకో చిక్కు. 65 దాటినవాళ్ళకు మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. గ్రీన్‌కార్డుతో 5 ఏళ్ళు వరుసగా అక్కడ ఉంటేనే కొనుక్కునే హక్కు వస్తుంది. అక్కడ పనిచేసి పన్ను కట్టనివాళ్ళు డబ్బు కట్టి తీసుకోవాలి. 2025లో ఆస్పత్రి భాగానికి నెలకు 518 డాలర్లు, డాక్టరు భాగానికి 185. ఇద్దరికీ కలిపితే నెలకు 1,406. మొదటి అయిదేళ్ళు ప్రైవేటు ఇన్సూరెన్స్ చూసుకోవాలి. ఇది విన్నాక తమ్ముడి భార్య మౌనంగా ఉండిపోయింది. ఆమెను తప్పుపట్టను, ఇంటి లెక్క చూసేది ఆమే.

పన్ను సంగతి ఎవరూ చెప్పరు. గ్రీన్‌కార్డు ఉన్న మనిషి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకు లెక్క చెప్పాలి. కౌలు డబ్బు, బ్యాంకు వడ్డీ, పెన్షన్ అన్నీ. వ్యవసాయ ఆదాయానికి ఇక్కడ పన్ను లేకపోవచ్చు, అక్కడ ఆ మినహాయింపు లేదు. బయటి దేశం ఖాతాల్లో కలిపి 10,000 డాలర్లు దాటితే ఏటా విడిగా తెలపాలి. మా నాన్నకు కావలి బ్యాంకులో ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లకే అది దాటిపోతుంది.

విజిటర్ వీసా మనందరికీ తెలిసిందే. పదేళ్ళకు ఇస్తారు, వెళ్ళినప్పుడల్లా మామూలుగా ఆరునెలలు. కెనడా సూపర్ వీసా లాంటి అయిదేళ్ళ బస అమెరికాలో లేదు. ఒక్క జాగ్రత్త. ఐ-130 పెట్టేశారంటే, ఈమె ఇక్కడ స్థిరపడాలనుకుంటోందని మీరే రాసిచ్చినట్టు. ఆ తర్వాత కొత్త విజిటర్ వీసా రావడం కష్టం, పాత వీసా మీద వెళ్ళినా ప్రశ్నలు పడతాయి. కోడలి పురుడుకు వెళ్ళాలనుకుంటున్న ఏడాదిలో ఐ-130 పెట్టకండి. విజిటర్ వీసా మీద వెళ్ళి అక్కడే గ్రీన్‌కార్డుకు మార్చుకుందాం అని ముందే అనుకుని బయల్దేరడం కూడా మంచిది కాదు, అది వీసా అధికారికి అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

ఆస్ట్రేలియా, బ్రిటన్

ఆస్ట్రేలియాలో ముందు పిల్లల లెక్క తీస్తారు. పిల్లల్లో కనీసం సగం మంది అక్కడ స్థిరపడి ఉండాలి, లేదా ఇంకే ఒక్క దేశంలో ఉన్నవాళ్ళకంటే అక్కడ ఉన్నవాళ్ళు ఎక్కువ ఉండాలి. ఒక కొడుకు మెల్‌బోర్న్‌లో, ఒక కూతురు ఒంగోల్లో ఉంటే సరిపోతుంది. కూతుళ్ళు ఇద్దరూ ఒంగోల్లో ఉంటే కుదరదు. ఆ పరీక్ష దాటినా మామూలు పేరెంట్ వీసాకు నిరీక్షణ ముప్ఫై ఏళ్ళ పైమాటే. ఎవరి కోసం పెట్టారో అర్థం కాదు. డబ్బు కట్టి తెచ్చుకునే 143 రకానికి మనిషికి 43,000 ఆస్ట్రేలియా డాలర్లకు పైగా కట్టాలి, దానికీ పదేళ్ళకు మించి వేచి ఉండాలి. 870 అనే తాత్కాలిక స్పాన్సర్ వీసా ఒకటుంది, 3 లేదా 5 ఏళ్ళకు ఇస్తారు, మొత్తం మీద 10 ఏళ్ళ వరకు ఉండొచ్చు. ఫీజు వేల డాలర్లలో ఉంటుంది గానీ దానికి ఆ పిల్లల లెక్క లేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇక్కడే ఉన్నవాళ్ళకు మిగిలేది అదే.

బ్రిటన్‌లో తల్లిదండ్రులకు స్థిరనివాసం దాదాపు మూసేసినట్టే. స్నానం, తిండి కూడా ఒకరు చూడాల్సిన స్థితిలో ఉండి, ఆ చూసే ఏర్పాటు మన దేశంలో డబ్బు పెట్టినా దొరకదని నిరూపించాలి. నెల్లూరులో డబ్బిచ్చినా నర్సు దొరకదని ఎలా నిరూపిస్తాం? విజిటర్ వీసాతో సరిపెట్టుకోండి.

కాగితాలు: పేరు దగ్గరే ప్రాణం పోయింది

ఏ దేశం ఎంచుకున్నా, ఈ కొడుకు ఈ తల్లికి పుట్టాడని కాగితం మీద చూపాలి. వినడానికి చిన్న పని. మా నాన్న పాస్‌పోర్టులో వెంకటసుబ్బయ్య, పట్టాదారు పాసుపుస్తకంలో సుబ్బయ్య, తమ్ముడి టెన్త్ సర్టిఫికెట్‌లో వెంకట సుబ్బారావు. ఆ రావు ఎవరు తగిలించారో ఆయనకే తెలియదు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా. అమ్మ పాత ఓటరు కార్డులో పుట్టింటి ఇంటిపేరు.

తమ్ముడు ఇంట్లోనే పుట్టాడు, అప్పట్లో ఎవరూ రాయించలేదు. రికార్డుల్లో లేదని సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆర్డీఓ ఉత్తర్వుతో ఆలస్యంగా నమోదు చేయించాం. ఒక ఆఫీసులో ఇంగ్లిష్‌లో టైపు కొట్టేటప్పుడు అమ్మ పేరులో ఒక అక్షరం పోయింది. అక్కడే చూసుకోకుండా సంతోషంగా ఇంటికి తెచ్చేశాను. దాన్ని సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. కౌంటరు దగ్గర కాగితం చేతికి రాగానే అక్షరం అక్షరం చదవండి, వెనక లైనువాళ్ళు తిట్టినా సరే. ఇలాంటి ఆలస్యపు సర్టిఫికెట్‌కు తోడు టెన్త్ మార్కుల లిస్టు, పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళ అఫిడవిట్లు కూడా జత చేయాలి. ఆ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండగానే చేయించుకోండి అని చెప్పడం కాస్త కటువుగానే ఉంటుంది, కానీ మా మేనత్త సంతకం పెట్టిన ఏడాదికే పోయింది.

అమెరికాలో తండ్రికి పెట్టాలంటే అమ్మానాన్నల పెళ్ళి సర్టిఫికెట్ కూడా కావాలి. మా వాళ్ళ పెళ్ళి 1978లో, పందిట్లో. శుభలేఖ చెదలు తినేసింది. ఒక్క ఫొటో దొరికింది, తలంబ్రాలప్పుడు తీసింది. అది, ఆధార్లు, సాక్షులుగా ఇద్దరు మేనమామలతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళాం. వధువు సంతకం ఇక్కడ పెట్టమ్మా అని వేలితో చూపిస్తే అమ్మకు నవ్వాగలేదు, పక్కనే నిలబడ్డ కొత్త పెళ్ళికూతురు కూడా నవ్వింది.

చెన్నైలో బయోమెట్రిక్ రోజు ఇంకో కథ. నాన్న వేళ్ళు మిషన్ తీసుకోలేదు. యాభై ఏళ్ళు మట్టిలో, నారులో, ఎరువులో నానిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, అయిదోసారికి ఎలాగో తీసుకుంది. రైతులైన పెద్దవాళ్ళకు వెళ్ళే వారం ముందు నుంచి రాత్రిపూట చేతులకు కొబ్బరినూనె రాయించండి, ఆరోజు మాత్రం రాయకండి. వైద్యపరీక్షలో ఎప్పటిదో పాత టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపిస్తే తెమడ పరీక్షలకు నెలలు పట్టొచ్చు. అందుకే టికెట్లు వీసా చేతికొచ్చాకే.

ఇక్కడ వదిలి వెళ్ళే వాటి సంగతి

పీఆర్ మీద స్థిరపడటానికి వెళితే బ్యాంకు లెక్కలో మీరు ఎన్నారై. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ఎన్నారైల రూపాయి ఖాతాగా మార్పించుకోవాలి. ఉన్న వ్యవసాయ భూమి మీదే, దాన్ని ఎవరూ లాక్కోరు, కానీ కొత్తగా పొలం కొనలేరు. పక్క గట్టు వాళ్ళు అరెకరం అమ్ముతున్నారని తెలిసినా చూస్తూ ఊరుకోవాలి. మా నాన్నకు గ్రీన్‌కార్డు మీద విరక్తి కలిగింది సరిగ్గా ఈ మాట దగ్గరే. మీ తరఫున ఆస్తి వ్యవహారాలు చూసే అధికారం (జీపీఏ) ఎవరికైనా ఇవ్వాలనుకుంటే వెళ్ళేముందే ఇక్కడ రిజిస్టర్ చేయించండి. అక్కడినుంచి పంపాలంటే ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం, ఇక్కడికి వచ్చాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ, నానా అవస్థ. రీసర్వే జరుగుతున్న ఊళ్ళలో అయితే గట్టు దగ్గర మనిషి లేకపోతే కొలతల్లో తేడాలు వస్తాయి. మా ఊళ్ళో ఒకాయన టొరంటో నుంచి వీడియో కాల్‌లో గట్టు చూపించాలని చూశాడు, సిగ్నల్ లేదు.

పెన్షన్ తీసుకునే రిటైర్డ్ టీచర్లు, ఉద్యోగులు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ అక్కడినుంచి ఎలా ఇవ్వాలో ముందే కనుక్కోండి. హెల్త్ కార్డు ఇక్కడి ఆస్పత్రుల్లోనే పనిచేస్తుంది. గుండెకు స్టెంట్, కంటి శుక్లం, మోకాలి ఆపరేషన్ ఏదైనా డాక్టరు చెప్పి ఉంటే చేయించుకున్నాకే విమానం ఎక్కండి.

ఎవరికి ఏది?

ఇద్దరూ ఉన్నారు, తిరగగలరు, ఇక్కడ పొలమో అయినవాళ్ళో ఉన్నారు. పిల్లలు కెనడాలో ఉంటే సూపర్ వీసా, అమెరికాలో ఉంటే విజిటర్ వీసా. ఇందులో నాకు అనుమానం లేదు.

ఒక్కరే మిగిలారు, ఇక్కడ చూసేవాళ్ళు లేరు, కొడుకో కూతురో అమెరికా సిటిజన్. అప్పుడు గ్రీన్‌కార్డు పెట్టేయండి, ఆలోచించకండి. ఒంటరి తల్లిని ఏడాదికోసారి ఆరునెలలకు పిలిచి మళ్ళీ ఖాళీ ఇంటికి పంపడం కంటే, కార్డు కష్టాలన్నీ కలిపినా తక్కువే. వయసు అరవై లోపు ఉండి, అక్కడ మనవలను చూసుకుంటూ ఏదో చిన్న పని కూడా చేద్దామనుకునేవాళ్ళకు కూడా గ్రీన్‌కార్డే సరి. మెడికేర్ వయసు వచ్చేసరికి అయిదేళ్ళు పూర్తయి ఉంటాయి.

కెనడా పీఆర్‌కు పిలుపు వచ్చిన అదృష్టవంతులు వదులుకోవద్దు. మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. 730 రోజుల లెక్క మనకు అనుకూలంగానే ఉంది.

ఇక తమ్ముడి వాదన. "ఒక్కరే మిగిలినప్పుడు పెడదామంటావు. అప్పుడు పెడితే రెండేళ్ళు పడుతుంది. ఆ రెండేళ్ళు అమ్మ ఎవరి దగ్గర ఉంటుంది? ఇప్పుడే పెట్టి ఉంచుదాం" అంటాడు. నా దగ్గర ఉంటుంది అన్నాను. నీకేమన్నా అయితే అన్నాడు. దానికి నేనేం చెప్పను? పైగా వాళ్ళు సూపర్ వీసా మీద ఎడ్మంటన్ వెళుతున్నారు కాబట్టి అమెరికా విజిటర్ వీసా చిక్కుల్లో పడినా పెద్ద నష్టం లేదు, తనే అక్కడికి వచ్చి చూస్తానంటాడు. ఈ మాటలో పస ఉంది. అమ్మ ఒక్కదానికి ఐ-130 పెట్టే విషయం ఇంకా నానుతోంది.

ప్రస్తుతానికి జరిగింది ఇది. పోయినేడు పెద్దపంట కోతలు అయిపోయి, వడ్లు అమ్మి, ఎడగారు (రెండో పంట)కు పొలం కౌలుకిచ్చి, ఏప్రిల్‌లో ఇద్దరూ చెన్నై నుంచి బయల్దేరారు. అక్టోబరులో నారు పోసే వేళకు వచ్చేశారు. మంచు పడకముందే తిరిగొచ్చారు కాబట్టి ఎడ్మంటన్ చలికాలం వాళ్ళకు తెలియదు. ముందే వచ్చేశారని, క్లెయిము కూడా లేదని ఇన్సూరెన్స్‌లో కొంత డబ్బు వెనక్కి ఇచ్చారు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ షరతు ఉందో లేదో చూసుకోండి.

ఒక్కటి మాత్రం పోగొట్టుకున్నాం. అమ్మకు పదేళ్ళ వీసా వచ్చింది, నాన్నకు మూడేళ్ళదే వచ్చింది. ఎందుకా అని చూస్తే ఆయన పాస్‌పోర్టు గడువు అంతవరకే ఉంది. పాస్‌పోర్టు దాటి వీసా ఇవ్వరు. ముందు రెన్యువల్ చేయించి తర్వాత దరఖాస్తు పెట్టాల్సింది. ఇప్పుడు రెన్యువల్ అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారం ఉంది. ఫారం నింపి, వెంకటసుబ్బయ్య అన్న పేరు మూడుసార్లు చదివి, నాన్న చేత కూడా ఒకసారి చదివించి, అప్పుడు సబ్మిట్ నొక్కాను.